చూపించుకోకపోవడానికీ తీయించేసుకోవడానికీ మధ్య

స్త్రీల జననాంగాల జబ్బుల విషయంలో మన ఇళ్లలో రెండు తప్పులు జరుగుతున్నాయి. ఏళ్ల తరబడి ఎవరికీ చూపించుకోకపోవడం ఒకటి. చూపించుకున్న రోజునే గర్భసంచి తీయించుకోవడానికి ఒప్పేసుకోవడం రెండోది. మొదటి తప్పు వల్ల, నయం కావలసిన క్యాన్సర్ ముదిరి ప్రాణం తీస్తోంది. రెండో తప్పు వల్ల, మందులతో తగ్గే బాధకు 35 ఏళ్లు నిండకుండానే ఒక అవయవం పోతోంది. పైకి ఒకదానితో ఒకటి పొంతన లేనట్టు కనిపించినా ఈ రెండూ ఒకే లోటు నుంచి పుట్టాయి. లక్షణానికీ ఆపరేషన్‌కీ మధ్య ఉండవలసిన పరీక్ష అనే మెట్టు మన ఆడవాళ్ల జీవితాల్లో లేదు. ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ రైల్వే పట్టణంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలను దృష్టిలో పెట్టుకుని, ఆ మెట్టు ఎక్కడెక్కడ తప్పిపోతోందో, దాన్ని ఎలా కట్టుకోవచ్చో ఈ వ్యాసంలో పరిశీలిస్తాను.

రెండు రాష్ట్రాల నడుమ

1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే పట్టాలు పరుచుకుంటూ పోయిన కాలం నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల వాళ్లు ఖరగ్‌పూర్, చక్రధర్‌పూర్, బిలాస్‌పూర్, నాగ్‌పూర్ వంటి రైలు ఊళ్లకు పనికోసం వలస వెళ్లారు. గ్యాంగ్‌మెన్‌గా, ఫైర్‌మెన్‌గా, గుమాస్తాలుగా చేరినవాళ్ల మనవలు, మునిమనవలు ఇప్పుడు బిలాస్‌పూర్‌లో బడిలో హిందీ, ఇంట్లో తెలుగు మాట్లాడుతూ పెరుగుతున్నారు. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వే జోన్‌కు ఈ ఊరు ముఖ్య కేంద్రమైంది.

వైద్యానికి ఇక్కడ దారులు చాలానే ఉన్నాయి. ఉద్యోగికీ, భార్యకూ, పదవీ విరమణ చేసినవాళ్లకూ రైల్వే ఆసుపత్రి ఉంది. ఊళ్లో సిమ్స్ ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. వీధివీధికీ నర్సింగ్ హోములు ఉన్నాయి. పట్టణానికి దగ్గరలోని గనియారీలో ఎయిమ్స్‌లో చదువుకున్న కొందరు వైద్యులు మొదలుపెట్టిన జన్ స్వాస్థ్య సహయోగ్ ఆసుపత్రి పల్లెల పేదలకు పెద్ద దిక్కు. పెద్ద జబ్బని తేలితే రాయ్‌పూర్ వెళ్తారు. లేదా రైలెక్కి సొంతవాళ్లున్న విశాఖకు, కింగ్ జార్జి ఆసుపత్రికో, అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికో చేరతారు.

ఇన్ని దారులున్నా మొదటి అడుగు పడదు. దానికి ముఖ్య కారణం సిగ్గని అందరూ అంటారు కానీ, వలస ఊళ్లో దానికి ఇంకో బరువు తోడవుతుంది. బజారులో కూరలు బేరమాడటానికి సరిపోయే హిందీ, డాక్టరు ముందు కూర్చుని లోపలి బాధ చెప్పుకోవడానికి సరిపోదు. కొడుకో అల్లుడో పక్కన నిలబడి దుబాసీ పని చేస్తే పెద్దావిడ నడుం నొప్పి గురించి చెప్తుంది, రక్తం గురించి చెప్పదు. డాక్టరు నొప్పికి బిళ్లలు రాస్తారు. ఆ చీటీతో మరో ఆరు నెలలు గడిచిపోతాయి.

పరీక్షల లోటు ఈ ఒక్క ఊరిదే కాదు. 2019–21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 30 నుంచి 49 ఏళ్ల మధ్య వయసు స్త్రీలలో జీవితంలో ఒక్కసారైనా గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష చేయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి ఇద్దరు కూడా లేరు.

తెల్లబట్ట నుంచి క్షయ దాకా

ఈ జబ్బులెంత విస్తారంగా ఉన్నాయో మొదట లెక్క తేల్చింది మన పొరుగునే. ఛత్తీస్‌గఢ్, తెలంగాణ రెండింటికీ ఆనుకుని ఉన్న గడ్చిరోలి జిల్లాలో రాణీ బంగ్, ఆమె సహచరులు రెండు పల్లెల్లో 650 మంది స్త్రీలను పరీక్షించి 1989లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు ప్రకటించారు. నూటికి 92 మందిలో ఏదో ఒక స్త్రీ సంబంధ వ్యాధి ఉంది. అంతకు ముందు ఎప్పుడైనా అలాంటి పరీక్ష జరిగినవాళ్లు నూటికి 8 మందే. స్త్రీ ఆరోగ్యమంటే కాన్పు, కుటుంబ నియంత్రణ అనుకుంటున్న ప్రపంచ వైద్యరంగానికి ఆ రెండు అంకెలు కళ్లు తెరిపించాయి.

ఈ జబ్బుల్లో ఎక్కువ భాగం చిన్నవి. తెల్లబట్ట సంగతే తీసుకుందాం. నెలసరి చక్రంలో కొంత తెల్లటి ద్రవం రావడం ఆరోగ్యమే. దురద, దుర్వాసన, రంగు మార్పు ఉంటే అది ఫంగసో, బాక్టీరియానో, ట్రైకోమొనాస్ అనే పరాన్నజీవో కావచ్చు. మూడింటికీ కొద్ది రోజుల మందులున్నాయి. కొన్నింటికి భర్తకు కూడా మందు వాడాలి. భర్త మింగకపోతే భార్యకు జబ్బు తిరగబెడుతుంది, మందు పనిచేయలేదన్న మాట మిగులుతుంది. ఇంత చిన్న విషయాన్ని నిర్లక్ష్యం చేస్తే కొన్ని రకాల ఇన్ఫెక్షన్లు పైకి పాకి ఫాలోపియన్ నాళాలను దెబ్బతీస్తాయి. కొందరు దీన్ని భూతద్దంలో చూపించి, ఇది క్యాన్సర్‌గా మారుతుందని భయపెట్టి ఆపరేషన్ బల్ల దాకా నడిపిస్తారు. తెల్లబట్ట క్యాన్సర్‌గా మారదు. అయితే రక్తం కలిసిన, నీళ్లలా కారే, భరించలేని వాసన వేసే స్రావం ముఖద్వార క్యాన్సర్‌కు సూచన కావచ్చు. ఈ తేడా ఒక్క పరీక్షతో తెలుస్తుంది.

మన ప్రాంతాల్లో మరిచిపోకూడని జబ్బు జననాంగాల క్షయ. ఊపిరితిత్తుల నుంచి రక్తం ద్వారా వచ్చిన క్రిములు దాదాపు ప్రతిసారీ ముందు నాళాల్లో చేరతాయి, తర్వాత గర్భసంచి లోపలి పొరకు పాకుతాయి. దగ్గు ఉండదు. పిల్లలు పుట్టకపోవడమే చాలామందిలో బయటికి కనిపించే ఒకే ఒక లక్షణం. కోడలికి గొడ్రాలన్న పేరు పెట్టేముందు ఆమెకు క్షయ ఉందేమో చూడాలన్న ఆలోచన ఎన్ని ఇళ్లలో వస్తుంది? పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపితే తెలుస్తుంది. ఆరు నెలల మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. ఇదే క్షయ పొట్టలో నీరు చేర్చి, సీఏ–125 అనే రక్తపరీక్ష విలువను పెంచి, అచ్చం అండాశయ క్యాన్సర్‌లా భ్రమింపజేస్తుంది. ముక్క పరీక్ష లేకుండా తీర్పు చెప్తే మందులతో పోయే జబ్బుకు పెద్ద ఆపరేషన్ జరిగిపోయే ప్రమాదం ఉంది.

గర్భసంచి జారడం మరో మౌన బాధ. వెంటవెంట కాన్పులు, కాన్పైన కొద్ది రోజులకే బరువులెత్తడం, ఏళ్ల తరబడి దగ్గు, మలబద్ధకం దీనికి కారణాలు. తొలిదశలో కటి కండరాల వ్యాయామం, ఆపరేషన్ వద్దనుకునేవాళ్లకు లోపల అమర్చే రింగు పనికొస్తాయి. పెద్ద వయసులో బయటి భాగంలో మానని దురద, తెల్లమచ్చ, పుండు కనిపిస్తే లేపనాలు మార్చుకుంటూ కూర్చోకుండా ముక్క పరీక్ష చేయించాలి. అరుదే అయినా అక్కడా క్యాన్సర్ వస్తుంది.

అధిక రక్తస్రావం, గడ్డలు

ఆపరేషన్ దాకా తీసుకువెళ్లే లక్షణాల్లో అధిక రక్తస్రావానిదే పెద్దపీట. అయిదో సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. అసలే తక్కువున్న రక్తం నెలనెలా గుడ్డలు తడిసిపోయేలా పోతుంటే మనిషి మెట్లెక్కలేదు, పని చేయలేదు. ఆ దశలో గర్భసంచి తీసేస్తే పీడ వదులుతుందని ఎవరైనా అంటే కాదనే ఓపిక కూడా ఉండదు.

రక్తం ఎక్కువ పోవడానికి కారణాలు ఒకటి రెండు కావు. అంతర్జాతీయ ప్రసూతి, స్త్రీ వైద్యుల సమాఖ్య 2011లో వాటిని ఒక పట్టికగా ఏర్పరిచింది. పాలిప్, అడినోమయోసిస్, ఫైబ్రాయిడ్ గడ్డ, క్యాన్సర్ లేదా దాని ముందు దశ వంటివి కంటికి కనిపించే మార్పులు. రక్తం గడ్డకట్టడంలో లోపం, అండం విడుదలలో తేడా, లోపలి పొర లోపం, వాడుతున్న మందుల ప్రభావం వంటివి స్కానింగ్‌లో కనిపించవు. థైరాయిడ్ లోపం, పీసీఓఎస్ కూడా నెలసరిని తారుమారు చేస్తాయి. కారణం మారితే వైద్యం మారుతుంది. కారణం తేల్చకుండా గర్భసంచిని తీసేయడం వైద్యం అనిపించుకోదు.

ఫైబ్రాయిడ్లు గర్భసంచి కండరంలో పెరిగే గడ్డలు. చాలామందిలో ఉంటాయి, ఎక్కువమందికి ఏ ఇబ్బందీ పెట్టవు. వాటిలో క్యాన్సర్ అయ్యేవి వెయ్యికి ఒకటి కూడా ఉండవు. నెలసరి ఆగిపోయాక సాధారణంగా వాటంతటవే కుంచించుకుపోతాయి. బాధ పెడుతుంటే రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెగ్జామిక్ ఆమ్లం, మెఫినమిక్ ఆమ్లం బిళ్లలున్నాయి. గర్భసంచి లోపల అమర్చితే ఏళ్లపాటు పనిచేసే హార్మోన్ పరికరం ఉంది. గడ్డ ఒక్కటే తీసి గర్భసంచిని ఉంచే శస్త్రచికిత్స ఉంది. గడ్డకు రక్తం అందించే నాళాన్ని మూసే పద్ధతి ఉంది. ఇవన్నీ విఫలమైనప్పుడు గర్భసంచి తీయడం సరైన వైద్యమే. కొందరికి అది నిజమైన విముక్తి. మిగతావి ఉన్నాయని కూడా చెప్పకుండా మొదటి మెట్టుగా దాన్నే చూపించడం పట్లే నా అభ్యంతరం.

నెలసరి నొప్పితో మెలికలు తిరిగిపోయే అమ్మాయికి పెళ్లైతే సర్దుకుంటుందని చెప్పడం ఇంకో అలవాటు. లోపలి పొరలాంటి కణజాలం గర్భసంచి బయట పెరిగే ఎండోమెట్రియోసిస్ ప్రపంచంలో ప్రసవ వయసు స్త్రీలలో దాదాపు పదిమందిలో ఒకరికి ఉంటుందని అంచనా. అది పేరు పెట్టించుకోవడానికే ఏళ్లు పడుతుంది. అండాశయంలో నీటిబుడగ అని స్కానింగ్ కాగితంలో చూసి భయపడేవాళ్లూ చాలామంది. నెలసరి వస్తున్న వయసులో చిన్న బుడగలు రెండు మూడు నెలల్లో వాటంతటవే పోతాయి. ఉన్నట్టుండి భరించలేని నొప్పి, వాంతులు వస్తే మాత్రం బుడగ మెలిపడిందేమోనని ఆ గంటలోనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

నివారించగల క్యాన్సర్

అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా ప్రకారం 2022లో భారతదేశంలో సుమారు 1,27,000 మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వచ్చింది, సుమారు 80,000 మంది దానితో చనిపోయారు. ఈ మరణాల్లో ఎక్కువ భాగం జరగవలసినవి కావు. ఎందుకంటే దీని కారణం తెలుసు, ముందు దశ తెలుసు, ఆ దశను పట్టుకునే పరీక్ష తెలుసు. జర్మన్ శాస్త్రవేత్త హరాల్డ్ జుర్ హౌసెన్ బృందం 1983లో ఈ క్యాన్సర్ కణాల్లో హ్యూమన్ పాపిలోమా వైరస్ 16వ రకాన్ని, ఆ వెంటనే 18వ రకాన్ని గుర్తించింది. 2008లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. లైంగిక జీవితం మొదలైన స్త్రీ పురుషుల్లో చాలామందికి ఈ వైరస్ ఎప్పుడో ఒకప్పుడు సోకుతుంది, చాలామందిలో ఒకటి రెండేళ్లలో పోతుంది. కాబట్టి ఇది ఎవరి నడవడికకూ తీర్పు కాదు. కొద్దిమందిలో వైరస్ తిష్ఠ వేస్తుంది. అప్పటి నుంచి క్యాన్సర్ తయారు కావడానికి సాధారణంగా పది పదిహేనేళ్లు, అంతకన్నా ఎక్కువ పడుతుంది. ఆ ఏళ్లన్నీ మన చేతిలో ఉన్న వ్యవధే. కీమ్యాన్ రోజూ పట్టాల వెంట నడిచి, బండి పడిపోకముందే పగులును పసిగట్టడం ఈ ఊరివాళ్లకు కొత్త కాదు. ముఖద్వారం పరీక్ష చేసే పని కూడా అదే.

పరీక్షలు మూడు రకాలు. ముఖద్వారం నుంచి కణాలు తీసి సూక్ష్మదర్శినిలో చూసే పాప్ స్మియర్ ఒకటి. పలచని అసిటిక్ ఆమ్లం అద్ది ఒక నిమిషం ఆగి తెల్లబడిన చోటు ఉందేమో కంటితో చూసేది రెండోది. శిక్షణ పొందిన నర్సు చాలు, ల్యాబ్ అక్కర్లేదు. వైరస్ ఉందో లేదో చూసేది మూడోది. దీనికి నమూనాను స్త్రీ తనంతట తానే తీసుకోవచ్చు. పరాయివాళ్ల ముందు పడుకోవడానికి ఇష్టపడని మన ఆడవాళ్లకు ఇది గొప్ప వరం.

ఈ పరీక్షల విలువను ప్రపంచానికి నిరూపించినవారు మన దేశపు పల్లెటూరి స్త్రీలే. మహారాష్ట్రలోని అప్పటి ఉస్మానాబాద్ జిల్లాలో 30 నుంచి 59 ఏళ్ల మధ్య 1,30,000 మందికి పైగా స్త్రీలను నాలుగు బృందాలుగా విభజించి జరిపిన అధ్యయనం 2009లో వెలువడింది. ఒక్కసారి వైరస్ పరీక్ష చేసిన బృందంలో ఎనిమిదేళ్లలో ఈ క్యాన్సర్‌తో 34 మంది చనిపోతే, పరీక్ష లేని బృందంలో 64 మంది చనిపోయారు. ముంబై మురికివాడల్లో టాటా మెమోరియల్ వైద్యులు ఆరోగ్య కార్యకర్తలతో అసిటిక్ ఆమ్ల పరీక్ష చేయించి మరణాలను 31 శాతం తగ్గించారు. పోలిక కోసం కొన్ని వేలమందికి పరీక్ష అందించకుండా ఉంచడం న్యాయమేనా అన్న విమర్శ ఈ అధ్యయనాలపై గట్టిగానే వచ్చింది. ఆ విమర్శను గౌరవించాలంటే ఫలితాలను వాడుకోవడం ఒక్కటే దారి. 2016లో కేంద్రం 30 నుంచి 65 ఏళ్ల స్త్రీలందరికీ అయిదేళ్లకోసారి ఈ పరీక్ష చేయాలని మార్గదర్శకాలిచ్చింది. అవి ఇంకా కాగితం దిగి గడప దాకా రాలేదు.

ఈ వైరస్‌ను అడ్డుకునే టీకా కూడా ఉంది. ఆ టీకా విషయంలో తెలుగు నేలకు ఒక చేదు జ్ఞాపకం ఉంది. 2009 జూలైలో అప్పటి ఖమ్మం జిల్లాలో పాత్ అనే అంతర్జాతీయ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), రాష్ట్ర ప్రభుత్వం కలిసి 10–14 ఏళ్ల బాలికలు సుమారు 14,000 మందికి ఈ టీకా వేయించాయి. వారిలో చాలామంది గిరిజన ఆశ్రమ హాస్టళ్ల పిల్లలు. తల్లిదండ్రులకు చెప్పకుండా హాస్టల్ వార్డెన్ల సంతకాలు తీసుకున్నారని బయటపడింది. కొందరు బాలికలు చనిపోయిన వార్తలతో 2010 ఏప్రిల్‌లో కేంద్రం కార్యక్రమాన్ని ఆపేసింది. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణ తేల్చింది. కానీ సమ్మతి తీసుకున్న తీరు తప్పని 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం తీవ్రంగా ఆక్షేపించింది. ఆ ఆక్షేపణ న్యాయమైనదే. పేదపిల్లల శరీరం మీద హక్కు వారి తల్లిదండ్రులది, హాస్టల్ రిజిస్టరుది కాదు.

2010 నాటి ఆ ఆదేశంతోనే ఈ టీకాపై దేశంలో జరుగుతున్న మరో పెద్ద అధ్యయనం కూడా మధ్యలో ఆగిపోయింది. దానిలో దాదాపు 5,000 మంది బాలికలకు ఒక్క మోతాదే అందింది. పరిశోధకులు వారిని వదిలేయకుండా పదేళ్లు గమనించారు. తిష్ఠ వేసే 16, 18 రకాల వైరస్ నుంచి ఒక్క మోతాదు కూడా 95 శాతం రక్షణ ఇస్తోందని 2021లో తేలింది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క మోతాదు పద్ధతిని ఆమోదించడానికి ఈ ఫలితం ముఖ్యమైన ఆధారాల్లో ఒకటి. 2023లో పుణెకు చెందిన సీరం ఇన్‌స్టిట్యూట్ వారి సెర్వావాక్ టీకా మార్కెట్లోకి వచ్చింది. 9 నుంచి 14 ఏళ్ల మధ్య, లైంగిక జీవితం మొదలు కాకముందు వేయించాలి. టీకా వేయించుకున్న అమ్మాయి కూడా 30 దాటాక పరీక్ష చేయించుకోవాలి.

మిగతా క్యాన్సర్లు

గర్భసంచి లోపలి పొర క్యాన్సర్ తనంతట తానే హెచ్చరిక పంపుతుంది. ఇది వచ్చినవాళ్లలో పదింట తొమ్మిది మందికి నెలసరి ఆగిపోయాక రక్తం కనిపిస్తుంది. అలా రక్తం కనిపించిన వాళ్లందరికీ క్యాన్సర్ ఉండదు. పదిమందిలో ఒకరికే ఉంటుంది. కాబట్టి భయపడనక్కర్లేదు, వాయిదా వేయనూకూడదు. ఊబకాయం, మధుమేహం, ఏళ్ల తరబడి సరిగా రాని నెలసరి ఈ క్యాన్సర్‌కు దోహదం చేస్తాయి. ముట్లుడిగిన ఏడాది తర్వాత ఒక్క చుక్క కనిపించినా వేడి చేసిందని మజ్జిగ తాగి ఊరుకోకండి. లోపలి పొర ముక్క పరీక్ష చేయించండి.

అండాశయ క్యాన్సర్ అలా కాదు. తగ్గని కడుపు ఉబ్బరం, కొంచెం తినగానే నిండిపోయినట్టుండటం, మాటిమాటికీ మూత్రం రావడం దాని లక్షణాలు. అందరూ గ్యాస్ అనుకుంటారు. లక్షణాలు లేనివాళ్లకు ఏటా స్కానింగ్, సీఏ–125 చేస్తే మరణాలు తగ్గుతాయేమోనని బ్రిటన్‌లో 2,00,000 మందికి పైగా స్త్రీలపై చూశారు. తగ్గలేదని 2021లో తేలింది. అందువల్ల హెల్త్ చెకప్ ప్యాకేజీల్లో ఆ పరీక్ష కొనుక్కోవడం దండగ. అమ్మకో అక్కకో రొమ్ము లేదా అండాశయ క్యాన్సర్ వచ్చి ఉంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పి జన్యు పరీక్ష గురించి అడగడం మేలు.

ముత్యాల గర్భం గురించి తెలుగువాళ్లు గర్వంగా చెప్పుకోదగ్గ చరిత్ర ఉంది. పిండానికి బదులు ద్రాక్షగుత్తుల్లాంటి బుడగలు పెరిగే ఈ స్థితి కొందరిలో కోరియోకార్సినోమా అనే క్యాన్సర్‌గా మారుతుంది. ఒకప్పుడు అది వస్తే మరణమే. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో నడిపిన బృందం 1940ల చివర్లో మెథోట్రెక్సేట్ మందును తయారు చేసింది. 1956లో మిన్ చియు లీ, రాయ్ హెర్జ్ ఆ మందుతో కోరియోకార్సినోమా ఉన్న స్త్రీలకు నయమవుతున్నట్టు ప్రకటించారు. గడ్డరూపంలో ఉన్న క్యాన్సర్ మందుతో పూర్తిగా నయం కావడం అదే మొదలు. ఆ రోజు చూడటానికి సుబ్బారావు లేరు, 1948లోనే వెళ్లిపోయారు. ముత్యాల గర్భం తీసేశాక నెలల తరబడి బీటా హెచ్‌సీజీ రక్తపరీక్ష చేయించుకుంటూ, డాక్టరు చెప్పేవరకు మళ్లీ గర్భం రాకుండా చూసుకుంటే ఈ జబ్బుకు దాదాపు అందరూ కోలుకుంటారు.

తీసేయడం అలవాటైతే

అయిదో జాతీయ సర్వేలో 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో నూటికి ముగ్గురైతే, ఆంధ్రప్రదేశ్‌లో తొమ్మిదిమంది, తెలంగాణలో ఎనిమిదిమంది. దేశంలోనే మొదటి రెండు స్థానాలు మనవి. మెదక్ జిల్లాలో డాక్టర్ ఎస్.వి. కామేశ్వరి, డాక్టర్ ప్రకాశ్ వింజమూరి పల్లెపల్లె తిరిగి ఈ ఆపరేషన్ల వెనక భయపెట్టడం, అప్పులు, చిన్న వయసు ఎలా కలిసిపోయాయో ఎప్పుడో వెలుగులోకి తెచ్చారు. ఛత్తీస్‌గఢ్ తీరు కూడా వేరుగా లేదు. కుటుంబానికి 30,000 రూపాయల వైద్యం అందించే రాష్ట్రీయ స్వాస్థ్య బీమా స్మార్ట్ కార్డు వచ్చాక, కొన్ని ప్రైవేటు నర్సింగ్ హోములు అవసరం లేకుండా గర్భసంచులు తీసేశాయన్న ఆరోపణలతో 2012లో ఆ రాష్ట్రం అట్టుడికింది. బీహార్, రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్ అనుభవాల మీద డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కేంద్ర మార్గదర్శకాలను మూడు నెలల్లో అన్ని రాష్ట్రాలూ అమలు చేయాలని, అనవసర ఆపరేషన్లు చేసే ఆసుపత్రులను నిషేధిత జాబితాలో పెట్టాలని ఆదేశించింది.

ఈ అలవాటు పిల్లల ఆపరేషన్‌తోనే మొదలవుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లైన స్త్రీలలో పదిమందికి దాదాపు ఏడుగురు ఆ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే, అదీ చిన్న వయసులో. పిల్లలు కనడం అయిపోయాక ఇక గర్భసంచితో పనేముందన్న మాట అక్కడే నాటుకుంటుంది. ఆ ఆపరేషన్లు ఎలా జరిగేవో బిలాస్‌పూర్ జిల్లాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. 2014 నవంబర్ 8న తఖత్‌పూర్ బ్లాకు శిబిరంలో, మూతపడి ఉన్న ఒక ప్రైవేటు ఆసుపత్రి భవనంలో, కొద్ది గంటల్లో 83 మందికి ఆపరేషన్లు చేశారు. ఆ శిబిరంతో పాటు ఆ వారం జరిగిన మిగతా శిబిరాల్లోనూ కలిపి పదిమందికి పైగా తల్లులు చనిపోయారు. 2016లో దేవికా బిశ్వాస్ కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి శిబిరాలను మూడేళ్లలో ఆపేయాలని చెప్పింది. అంతమంది స్త్రీలను ఒక్కచోట చేర్చగలిగిన యంత్రాంగం వారిలో ఒక్కరి ముఖద్వారమైనా చూడాలని ఎన్నడూ అనుకోలేదు. ఆ రోజు మరణాలకు ఎంత బాధపడ్డానో, ఈ ఆలోచన లేనితనానికీ అంతే బాధపడుతున్నాను.

గర్భసంచితో పాటు అండాశయాలు కూడా 45 ఏళ్ల లోపు తీసేస్తే ముట్లు ఒక్కసారిగా ఉడిగిపోతాయి. ఒళ్లంతా ఆవిర్లు, నిద్రలేమి మొదలవుతాయి. ఎముకలు గుల్లబారతాయి, గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది. ఇంకో ప్రమాదం ఉంది, నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది. ముఖద్వారంలో దాగి ఉన్న క్యాన్సర్‌ను ముందు చూసుకోకుండా మామూలు పద్ధతిలో గర్భసంచి తీసేస్తే క్యాన్సర్ కణజాలం కొంత లోపలే మిగిలిపోతుంది. ఆ తర్వాత రేడియేషన్ కష్టమవుతుంది, బతికే అవకాశం తగ్గుతుంది. వ్యాసం మొదట్లో చెప్పిన రెండు తప్పులూ ఇక్కడ ఒకే మనిషిలో కలుస్తాయి. ఏళ్లపాటు చూపించుకోలేదు, చూపించుకున్న రోజు ఎవరూ చూడకుండా కోసేశారు.

ఏం చేయాలి

ఆపరేషన్ అన్న మాట వినగానే అడగవలసినవి కొన్ని ఉన్నాయి. నా జబ్బు పేరేమిటి? పాప్ స్మియర్, స్కానింగ్, ముక్క పరీక్ష చేశారా? ఆపరేషన్ కాకుండా ఏ వైద్యాలున్నాయి, వాటిని ఎన్ని నెలలు వాడి చూడవచ్చు? అండాశయాలు ఉంచుతారా? తీసిన గర్భసంచిని ల్యాబ్‌కు పంపి రిపోర్టు నాకిస్తారా? ఈ ప్రశ్నలకు కోపగించుకోని డాక్టరే మంచి డాక్టరు. ప్రాణం మీదికి వచ్చిన రక్తస్రావం కాకపోతే రెండో అభిప్రాయం తీసుకోవడానికి వారం ఆగినా నష్టం లేదు.

రైల్వేను అడగవలసినది కూడా ఉంది. రైలు నడిపే లోకో పైలట్‌కు 45 ఏళ్ల దాకా నాలుగేళ్లకోసారి, 55 దాకా రెండేళ్లకోసారి, ఆపైన ఏటేటా వైద్య పరీక్ష తప్పనిసరి. చూపు తగ్గకముందే తెలుసుకునే ఏర్పాటు అది. అదే ఇంట్లో, అదే మెడికల్ కార్డు మీద పేరున్న ఆయన భార్యకు అయిదేళ్లకోసారి ముఖద్వారం పరీక్ష చేయడం రైల్వే ఆసుపత్రికి అలవికాని పని కాదు. కార్డు కొత్తది చేసేటప్పుడో, పదవీ విరమణ పథకంలో చేరేటప్పుడో వైరస్ పరీక్ష నమూనా గొట్టం చేతికిస్తే చాలు. జోన్‌లోని మహిళా సంక్షేమ సంఘం సేక్రో ఈ పని నెత్తిన పెట్టుకోవచ్చు. రైల్వే కార్డు లేని కాంట్రాక్టు కార్మికుల ఇంటి ఆడవాళ్లకు ప్రభుత్వ ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్‌లో ఇదే పరీక్ష ఉచితంగా చేయాలి, చేస్తున్నారా అని అడగాలి. తెలుగు, హిందీ రెండూ వచ్చిన ఆడమనిషి ఒకరు వారానికో రోజు స్త్రీల ఓపీ దగ్గర కూర్చుంటే పెద్దావిడలు కొడుకుల ముందు నోరు మూసుకోనక్కర్లేదు. మన తెలుగు సంఘాలు పండుగ పందిళ్లకు పెట్టే శ్రమలో కొంత ఇటు పెడితే ఈ ఒక్క ఏర్పాటు రేపే మొదలవుతుంది.

ఇంటి మగవాళ్లకు ఒక మాట. భార్యను ఆపరేషన్ రోజు ఆసుపత్రికి తీసుకువెళ్లడానికి సెలవు పెడతారు, అప్పు చేస్తారు, రక్తం ఇస్తారు. ఒంట్లో బాగానే ఉన్న రోజున పరీక్షకు తీసుకువెళ్లడానికి ఒక్క పూట సెలవు పెట్టండి. 30 దాటిన ఆడవాళ్లందరికీ ఈ ఏడాదిలో ఒకసారి ముఖద్వారం పరీక్ష, 9 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లకు తల్లిదండ్రులు తెలిసి ఒప్పుకుని వేయించే టీకా, ముట్లుడిగాక కనిపించిన రక్తానికి ఆ వారంలోనే డాక్టరు దగ్గరికి ప్రయాణం. ఈ మూడూ మన ఇళ్లలో మామూలు పనులైతే ముదిరిన క్యాన్సర్లూ తగ్గుతాయి, అక్కర్లేని ఆపరేషన్లూ తగ్గుతాయి.